కెల్విన్ నుంచి ఫారెన్‌హీట్‌కి ఐదు దారులు: మీకు ఏది సరిపోతుంది?

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, చదువు ఇంగ్లిష్ మీడియం. మా అన్న కూతురు పదకొండో తరగతి సైన్సు చదువుతోంది. ఎండలు మండే రోజుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి అందరం వరండాలో కూర్చుంటే, నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కాకా, 310 కెల్విన్‌ని ఫారెన్‌హీట్‌లకి మార్చాలె. గైడ్‌ల 98.6 ఉంది. నాకు 98.33 వచ్చింది. నా ఫ్రెండ్‌కి 98 వచ్చింది. ఏది రాయాలె?"

నోటుబుక్కు తీసుకుని మూడు లెక్కలూ వరసగా చూశాను. కూడికలో, గుణకారంలో ఎవరూ తప్పు చేయలేదు. ముగ్గురూ మూడు దారుల్లో వెళ్లారు. గైడ్ రాసినవాళ్లు 273 తీసేసి సెల్సియస్ మీదుగా వెళ్లారు. మా పిల్ల 459.67 ఉన్న ఫార్ములా వాడింది. ఫ్రెండ్ 460తో నోటి లెక్క చేసింది. ఈ ఒక్క లెక్కకే ఇంటర్ పిల్లలు టెన్షన్ పడటం చాలాసార్లు చూశాను కాబట్టి, ఏ దారి ఎవరికి పనికొస్తుందో వివరంగా రాస్తున్నాను.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు, జవాబు ఎంత కచ్చితంగా కావాలో తేల్చుకోవాలి. డిగ్రీలో మూడోవంతు అటూ ఇటూ అయినా పర్వాలేదా, దశాంశాలతో సహా సరిపోవాలా? తర్వాత, లెక్క ఎక్కడ చేస్తున్నారు? పరీక్ష హాల్లో కాగితం మీదా, నోటితోనా, కంప్యూటర్ ముందా? మూడోది, ఒక్క వైపే మార్చాలా, ఫారెన్‌హీట్ నుంచి కెల్విన్‌కి వెనక్కి కూడా రావాలా?

నాలుగోదాన్ని చాలామంది పట్టించుకోరు. నేను మాత్రం దానికే ఎక్కువ బరువు ఇస్తాను. తప్పు చేస్తే ఆ తప్పు మన కంటికి కనిపించే దారేనా అది? కూడాల్సిన చోట తీసివేసినా, 1.8తో గుణించడం మరిచిపోయినా, ఏదో ఒక అంకె అయితే వచ్చి కూర్చుంటుంది. అది తప్పని మధ్యలోనే తెలిసే దారి, రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా మంచిదే.

## రెండు స్కేళ్లకీ తేడా ఎక్కడ

ఒక లోతైన బావిని ఊహించుకోండి. కెల్విన్ బావి అడుగు నుంచి లెక్క మొదలుపెడుతుంది. అంతకంటే కిందికి ఎవరూ పోలేరు, అదే పరమ శూన్య ఉష్ణోగ్రత. ఫారెన్‌హీట్ సున్నా గీత బావి గోడ మీద చాలా పైన ఉంటుంది. కెల్విన్‌లో చెప్పాలంటే దాదాపు 255.37 దగ్గర. తేడా ఇది ఒక్కటే కాదు, మెట్ల ఎత్తు కూడా వేరు. నీళ్లు గడ్డకట్టే చోటు నుంచి మరిగే చోటు వరకు కెల్విన్‌లో 100 మెట్లు (273.15 నుంచి 373.15), ఫారెన్‌హీట్‌లో 180 మెట్లు (32 నుంచి 212). అంటే కెల్విన్ మెట్టు ఒక్కటి ఎక్కితే ఫారెన్‌హీట్ మెట్లు 1.8 ఎక్కినట్టు.

పిల్లలు గుడ్డిగా బట్టీ పట్టే 459.67 కూడా ఇక్కడి నుంచే వచ్చింది. నీళ్లు గడ్డకట్టే 273.15ని 1.8తో గుణిస్తే 491.67. ఆ చోటికి ఫారెన్‌హీట్ ఇచ్చిన అంకె 32. 491.67లోంచి 32 తీసేస్తే మిగిలేది 459.67. ఈ ఒక్క వరస గుర్తుంటే ఫార్ములా మరిచిపోయినా పరీక్ష హాల్లో మళ్లీ కట్టుకోవచ్చు.

డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ తన స్కేలును 1724లో ప్రకటించాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ పరమ స్కేలు ఆలోచనను 1848లో ముందుకు తెచ్చాడు. ఇద్దరి మధ్యా నూటపాతికేళ్ల దూరం ఉంది, పైగా వాళ్ల అవసరాలు వేరు. అందుకే అంకెలు ఇంత వంకరగా కలుస్తాయి.

## ఐదు దారులు పక్కపక్కన

| దారి | ఎంత కచ్చితం | ఎక్కడ బాగుంటుంది | తప్పు కనిపిస్తుందా |
|---|---|---|---|
| సెల్సియస్ మీదుగా | 273.15 వాడితే పూర్తిగా | పరీక్ష కాగితం | మధ్యలోనే |
| డైరెక్ట్ ఫార్ములా | పూర్తిగా | ల్యాబు, వరసగా చేసే లెక్కలు | చివరిదాకా కనిపించదు |
| రెట్టింపు, పదోవంతు, 460 | ఎప్పుడూ 0.33 తక్కువ | నోటి లెక్క | కొంతవరకు |
| 5కి 9 మెట్లు | మొదటి అంకె సరైనదైతే పూర్తిగా | దగ్గర దగ్గరి ఉష్ణోగ్రతలు | వెంటనే |
| ఫోన్, ఎక్సెల్ | పూర్తిగా | చాలా అంకెలున్న చోట | మనం చూసుకుంటేనే |

## సెల్సియస్ మీదుగా

కెల్విన్‌లోంచి 273.15 తీసేసి, వచ్చినదాన్ని 1.8తో గుణించి, 32 కలపాలి. 318.15 కెల్విన్ తీసుకుందాం. 273.15 తీసేస్తే 45. దాన్ని 1.8తో గుణిస్తే 81, 32 కలిపితే 113 ఫారెన్‌హీట్.

ఈ దారిలో నాకు నచ్చేది ఆ మధ్యలో వచ్చే 45. చంద్రపూర్‌లో, బల్లార్షాలో ఉండేవాళ్లకి 45 సెల్సియస్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం రోడ్డు మీదికి అడుగు పెడితే ముఖానికి కొట్టే వేడి అది. పొరపాటున తీసివేయకుండా కలిపితే మధ్యలో 591.3 వస్తుంది. ఎండాకాలం లెక్క చేస్తూ 591 సెల్సియస్ చూసిన పిల్ల పెన్ను పక్కన పెట్టి, చేసింది మళ్లీ చూసుకుంటుంది. మనకు ఒంటితో తెలిసిన స్కేలు సెల్సియస్ ఒక్కటే కదా, అందుకే తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇబ్బంది ఏమిటంటే చేయాల్సిన పనులు మూడు, పైగా 273 రాయాలా 273.15 రాయాలా అన్న గొడవ. 273 వాడితే జవాబు 0.27 డిగ్రీ ఎక్కువ వస్తుంది (0.15ని 1.8తో గుణిస్తే 0.27). ఈ తేడా చలిలోనైనా వేడిలోనైనా పెరగదు, తగ్గదు, ఎప్పుడూ అంతే. గైడ్‌లో 98.6 వచ్చింది దీనివల్లే. 310 కెల్విన్ అంటే కచ్చితంగా 36.85 సెల్సియస్, 37 కాదు.

## డైరెక్ట్ ఫార్ములా

ఫారెన్‌హీట్ = కెల్విన్ × 1.8 − 459.67

చిన్నది, పూర్తిగా కచ్చితమైనది, వెనక్కి తిప్పడమూ సులువే: ఫారెన్‌హీట్‌కి 459.67 కలిపి 1.8తో భాగిస్తే కెల్విన్. సెల్సియస్ ఊసే ఉండదు. ఇరవై, ముప్పై రీడింగులు వరసగా మార్చే ల్యాబు పనిలో ఇదే మేలు.

ఇందులో మధ్యలో వచ్చే అంకెకి కూడా ఒక పేరుంది. కెల్విన్‌ని 1.8తో గుణించగానే వచ్చేది ర్యాంకిన్ స్కేలు. స్కాట్లాండ్ ఇంజనీరు విలియం ర్యాంకిన్ 1859లో ప్రతిపాదించాడు. అది కూడా పరమ శూన్యం నుంచే మొదలవుతుంది, మెట్లు మాత్రం ఫారెన్‌హీట్‌వి. పాత అమెరికన్ థర్మోడైనమిక్స్ పుస్తకాల్లో ర్యాంకిన్ కనిపిస్తే కంగారు పడకండి, సగం దారి అయిపోయినట్టే. ఇక 459.67 తీసేయడమే మిగిలింది.

దీని లోపం, మధ్యలో వచ్చే 558, 572 లాంటి అంకెలు మనకి ఏమీ చెప్పవు. 459.67 తీసేయాల్సింది పోయి కలిపినా చూపులకి అనుమానం రాదు. దానికి నేను పిల్లలకి ఒక కాపలా అంకె చెప్తాను: 574.59. ఆ ఒక్క చోట కెల్విన్, ఫారెన్‌హీట్ అంకెలు రెండూ ఒకటే. కెల్విన్ అంతకంటే తక్కువైతే ఫారెన్‌హీట్ అంకె కెల్విన్ కంటే చిన్నదిగా రావాలి, ఎక్కువైతే పెద్దదిగా రావాలి. 310 కెల్విన్‌కి 1017 వచ్చిందంటే ఎక్కడో కూడిక పడింది. సెల్సియస్, ఫారెన్‌హీట్ −40 దగ్గర కలుస్తాయని అందరికీ తెలుసు. ఈ 574.59 సంగతి మాత్రం ఎందుకో ఎవరూ చెప్పరు.

## రెట్టింపు, పదోవంతు, 460

నోటి లెక్కకి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచిది లేదు. 1.8తో గుణించడం అంటే రెట్టింపు చేసి అందులో పదోవంతు తీసేయడమే. 300 కెల్విన్ తీసుకోండి. రెట్టింపు 600, పదోవంతు 60 తీసేస్తే 540, అందులోంచి 460 పోతే 80. అసలు జవాబు 80.33.

459.67 బదులు 460 తీస్తున్నాం కాబట్టి జవాబు ఎప్పుడూ 0.33 తక్కువ వస్తుంది. ఏ ఉష్ణోగ్రతకైనా అదే తేడా. కావాలంటే చివర్లో మూడోవంతు కలుపుకుంటే సరి. మా పిల్ల ఫ్రెండ్‌కి 98 వచ్చింది ఇలాగే, 0.33 కలిపితే 98.33.

వెనక్కి రావాలంటే ఫారెన్‌హీట్‌కి 460 కలిపి సగం చేయండి. ఆ సగానికి దాని పదోవంతు, తర్వాత నూరోవంతు, కావాలంటే ఇంకో అడుగు కలుపుకుంటూ పోండి. 100 ఫారెన్‌హీట్‌కి: 560, సగం 280, దానికి 28, 2.8, 0.28 కలిపితే 311.08. అసలైనది 310.93. చేతిలో పెన్ను కూడా లేకుండా ఇంత దగ్గరికి రావడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సెల్సియస్‌ని రెట్టింపు చేసి 30 కలిపితే ఫారెన్‌హీట్ అయిపోతుందని ఇంకో చిట్కా తిరుగుతోంది. అది 10 సెల్సియస్ దగ్గర సరిగ్గా పని చేస్తుంది, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతూ పోతుంది. 45 సెల్సియస్‌కి 113 రావాల్సింది 120 చూపిస్తుంది. జ్వరానికైతే దాన్ని అసలు వాడకండి. 38 సెల్సియస్ అంటే 100.4 ఫారెన్‌హీట్, ఆ చిట్కా 106 అంటుంది. 100కి చేసే పని వేరు, 106కి చేసే పని వేరు.

## 5కి 9 మెట్లు

ఒక్క జంట గుర్తు పెట్టుకోండి: 300 కెల్విన్, 80.33 ఫారెన్‌హీట్. అక్కడి నుంచి కెల్విన్ 5 పెరిగితే ఫారెన్‌హీట్ 9 పెరుగుతుంది. 305కి 89.33, 310కి 98.33, 315కి 107.33. కిందికి దిగినా అంతే, 295కి 71.33. గుణకారం లేదు, పెద్ద తీసివేత లేదు.

మన ఊళ్లలో గాలి, ఒళ్లు, గది వేడి అంతా ఈ నాలుగైదు మెట్ల మధ్యే ఉంటుంది కాబట్టి రోజువారీ అంకెలకి ఇది చక్కగా సరిపోతుంది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ లాంటి దూరం అంకెలకి మెట్లు దిగుతూ కూర్చోవడం దండగ. అక్కడ డైరెక్ట్ ఫార్ములాకే వెళ్లండి (77కి −321.07 వస్తుంది).

## ఫోన్, ఎక్సెల్

సెర్చ్‌లో అంకె, యూనిట్ టైప్ చేస్తే జవాబు వస్తుంది. ఎక్సెల్‌లో కన్వర్ట్ అనే ఫంక్షన్ ఉంది. యూనిట్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాని అది పట్టించుకుంటుంది, కాబట్టి కెల్విన్‌కీ ఫారెన్‌హీట్‌కీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాలే వాడండి. పొరపాటున కెల్విన్ బదులు సెల్సియస్ ఎంచుకుంటే ఫోన్ ఏమీ అనదు, 310 సెల్సియస్‌కి 590 ఫారెన్‌హీట్ అని చూపిస్తుంది. పైన చెప్పిన నోటి లెక్క ఒక్కసారి వేసి చూసుకోండి.

## ఎవరికి ఏది

పదకొండు, పన్నెండు చదివే పిల్లలకి సెల్సియస్ మీదుగా దారే చెప్తాను, కాగితం మీద మూడు వరసలూ కనిపించేలా. మహారాష్ట్ర బోర్డు పన్నెండో తరగతి ఫిజిక్స్ పరీక్షలో లాగ్ టేబుల్ వాడనిస్తారు, కాలిక్యులేటర్ వాడనివ్వరు. లాగ్ టేబుల్ గుణకారానికి, భాగహారానికి పనికొస్తుంది కానీ 273.15 తీసేయడానికి, 32 కలపడానికి పనికిరాదు. కాబట్టి 1.8 గుణకారానికి కూడా దాన్ని తెరవకుండా రెట్టింపు, పదోవంతు పద్ధతి వాడండి, అదే తొందరగా అవుతుంది. నీట్‌లోనూ కాలిక్యులేటర్ లేదు. అక్కడ నాలుగు ఆప్షన్లు ఎదురుగా ఉంటాయి కాబట్టి నోటి లెక్కతో దగ్గరి ఆప్షన్ పట్టుకోవచ్చు. ఇంకొక్క మాట, కెల్విన్ పక్కన డిగ్రీ గుర్తు పెట్టకండి. 1967 నుంచి ఆ యూనిట్ పేరు కెల్విన్ మాత్రమే, డిగ్రీ కెల్విన్ కాదు.

ప్లాంటులో, వర్క్‌షాపులో పని చేసేవాళ్లకి డైరెక్ట్ ఫార్ములా. థర్మల్ కేంద్రాల్లో ఆవిరి 540 సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది 813.15 కెల్విన్, 1004 ఫారెన్‌హీట్. ఈ ఎత్తులో మెట్లు లెక్కపెట్టడం కుదరదు. కానీ వీళ్లకి అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మా బంధువుల అబ్బాయి ఒక మోటారు వైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్నాడు. ఒక మోటారు క్యాటలాగ్‌లో టెంపరేచర్ రైజ్ 80 కెల్విన్ అని ఉంటే, దాన్ని ఫార్ములాలో పెట్టి −315.67 ఫారెన్‌హీట్ అని కాగితం మీద రాసుకుని నాకు చూపించాడు. పాపం, రాత్రంతా ఆలోచించాడట, నడిచే మోటారు అంత చల్లగా ఎలా ఉంటుందని. అక్కడ 80 అంటే ఉష్ణోగ్రత కాదు, పెరుగుదల. పెరుగుదలకి సున్నా ఎక్కడ ఉందన్న ప్రశ్నే లేదు, ఎన్ని మెట్లు ఎక్కాం అన్నదే లెక్క. 1.8తో గుణిస్తే చాలు: 144 ఫారెన్‌హీట్ డిగ్రీలు. రైజ్, డిఫరెన్స్, పెరిగింది, తగ్గింది అన్న మాట కనిపిస్తే 459.67ని, 273.15ని, 32ని ముట్టుకోకండి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క ముక్కే గుర్తు పెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోమంటాను.

అమెరికాలో పిల్లలు ఉన్న అమ్మానాన్నలకి కెల్విన్ అక్కర్లేదు. అక్కడి వాతావరణం ఫారెన్‌హీట్‌లో చెప్తారు. 32 తీసేసి 1.8తో భాగించుకుంటే సెల్సియస్ తెలిసిపోతుంది.

ఎల్‌ఈడీ బల్బు కొనేవాళ్లు అసలు మార్చకండి. డబ్బా మీద 2700, 6500 అని రాసే కెల్విన్ బల్బు వేడి కాదు, వెలుతురు రంగు. 2700 అంటే పసుపు కలిసిన వెలుతురు, 6500 అంటే నీలం కలిసిన తెల్ల వెలుతురు. 6500ని మారిస్తే 11,240 ఫారెన్‌హీట్ దాటుతుంది, దాంతో మీకు పని లేదు.

## దగ్గర ఉంచుకోవాల్సిన అంకెలు

| ఏది | కెల్విన్ | ఫారెన్‌హీట్ |
|---|---|---|
| పరమ శూన్యం | 0 | −459.67 |
| నీళ్లు గడ్డకట్టేది | 273.15 | 32 |
| గది వేడి | 300 | 80.33 |
| మనిషి ఒళ్లు (37 సెల్సియస్) | 310.15 | 98.6 |
| మా ఊరి మే నెల మధ్యాహ్నం (45 సెల్సియస్) | 318.15 | 113 |
| నీళ్లు మరిగేది | 373.15 | 212 |
| రెండు అంకెలూ ఒకటయ్యేది | 574.59 | 574.59 |

ఇక మా పిల్ల అడిగిన ప్రశ్న. ప్రశ్నలో 310 అని ఇస్తే, 273.15 వాడి చేసిన 98.33 సరైన జవాబు. స్కూల్లో 273 వాడమని చెప్పి ఉంటే ఆ వరస కాగితం మీద కనిపించేలా రాసి 98.6 రాయొచ్చు. దిద్దేవాళ్లకి మీరు ఏ అంకె వాడారో తెలియాలి. ఆమె 98.33కే కట్టుబడింది. గైడ్‌లో 98.6 ఉన్న చోట, ప్రశ్నలోని 310 పక్కన పెన్సిల్‌తో చిన్నగా ".15" అని రాసుకుని పుస్తకం మూసింది.